లోపల ఏముంది

అలిపిరి దగ్గర లగేజీ కౌంటర్లో
పందొమ్మిదేళ్లుగా నా పని ఒకటే.
సంచి తీసుకో, టోకెన్ ఇయ్యి.
లోపల ఏముందని అడగను.
గుడ్డలో, మాత్రలో, తీర్చని మొక్కో,
బరువైతే నేలమీద, తేలికైతే అరలో.
అంతకుమించి నాకు అక్కర్లేదు.

అట్లాంటి నేను
ఎయిర్ బైపాస్ రోడ్డు అంగట్లో
అరచేతిలో పట్టే డబ్బాను పట్టుకుని
అరగంటగా తిప్పుతున్నా.

చింతపిక్క గడప దాటడు.
కొర్లగుంటలో మూడో అంతస్తు మాది,
కింద కుక్కలు, ఆటోలు.
వాడి లోకం రెండు గదులు, ఒక కిటికీ,
కిటికీలో కొండ.
పొద్దస్తమానం కొండనే చూస్తాడు,
ఎక్కే ఉద్దేశం మాత్రం ఏమీ లేదు.

పోయిన ఎండాకాలం
మట్టితొట్టిలో కూచున్నోడు లేవలేదు.
ఒక చుక్క. చాలాసేపటికి ఇంకో చుక్క.
పశువుల ఆస్పత్రిలో హిమజ డాక్టరమ్మ
వాడి పొట్ట తడుముతా అనింది:
"ఎండు గింజలు ఇంక చాలమ్మా.
వీళ్లు గిన్నెలో నీళ్లు సరిగా తాగరు,
తిండితోనే తాగాలి."
ఎలుక లోపల అన్ని నీళ్లుంటాయని
నాకు ఆ పొద్దే తెలిసింది.

అంగడి యుగంధర్ బొమ్మలు చూపిస్తాడు.
ఒక డబ్బామీద చేప ఎగురుతోంది,
ఇంకోదానిమీద పిల్లి నవ్వుతోంది.
నేను వెనక్కి తిప్పుతాను.
ఆవాలు చల్లినట్టు అక్షరాలు.
మొదటి పేరు కోడి అయితే చదువుతా,
పిండి అయితే అక్కడే పెట్టేస్తా.
'సంపూర్ణ ఆహారం' అని ఉందా,
'అప్పుడప్పుడు మాత్రమే' అని మూలన నక్కి ఉందా?
చిక్కటి గ్రేవీ అంటే మురిసిపోకూడదు,
గంజి కూడా చిక్కగానే ఉంటుంది.
ఉప్పెంత? భాస్వరం మాట ఎత్తనే లేదేం?
టారిన్ ఉందా?
ఆ పేరు నోరు తిరగడానికి వారం పట్టింది నాకు,
అది తక్కువైతే పిల్లికి చూపు పోతుందట, గుండె జారుతుందట.

"అక్కా, పెళ్లి సంబంధం కూడా
ఇంత చూసుండరు మీరు" అన్నాడు యుగంధర్.
నిజమే అబ్బాయ్.
దాన్ని బొమ్మవైపు మాత్రమే చూసి ఒప్పుకున్నా.

మిద్దె ఓనరు వరదమ్మగారు
చేరేటప్పుడే చెప్పింది, ఇంట్లో నీచు వండకూడదని.
నేను వండడం లేదు, తెరుస్తున్నా.
రాత్రి పది దాటాక, కిటికీ మూసి,
ఊదొత్తి ముట్టించి, రింగు లాగుతా.
టప్.
మూడంతస్తులూ లేచినాయేమోనని ఊపిరి బిగబడతా.
లేచింది వీడొక్కడే.

మొదటి డబ్బా నూటఅరవై రూపాయలు.
ఆ మధ్యాహ్నం నేను తిన్నది నలభై రూపాయల చిత్రాన్నం.
వాడు వాసన చూసి, నా మొహం చూసి,
మట్టి లేని గచ్చుమీద
కాలితో మట్టి కప్పి వెళ్లిపోయినాడు.
రెండోదీ అంతే. మూడోది నాకి వదిలేశాడు.
నాలుగోదానిమీద బొమ్మ కూడా సరిగా లేదు,
రంగు వెలిసిన కోడి ఒకటి, అంతే.
పాత గింజల్లో ఒక చెంచా, మర్నాడు రెండు,
గోరువెచ్చని నీళ్లు కాసిని,
పన్నెండు రోజులు ఇద్దరం బేరమాడుకున్నాం.

పదమూడో పొద్దున తొట్టిలో
మట్టి ముద్దకట్టి ఉంది, నిమ్మకాయంత.
ఇంకో పోలిక నాలుకమీదికి వచ్చింది,
ఈ ఊర్లో ఉండి అనకూడదని మింగేశా.
పారమీద ఎత్తి పట్టుకుని
కాసేపు అట్లే చూశా, నవ్వుకుంటా.

ఆ రోజు కౌంటర్లో
ఒక అవ్వ గోనెసంచి అందిస్తే
ఏ ధ్యాసలో ఉన్నానో, నోరు జారింది:
"లోపల ఏముందవ్వా?"
వెనక క్యూ ఆగిపోయింది.
అవ్వ నా కళ్లలోకి చూసి
మెల్లగా ముడి విప్పబోయింది.
వద్దులే, వద్దులే అని టోకెన్ చేతిలో పెట్టా.
బరువైన సంచే.
కింద పెట్టబుద్ధి కాలేదు,
పై అరకు ఎత్తినాను.